జెండా పాట ఒకటి, తక్‌పట్టీ ఒకటి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే మరునాడు మీ పేపర్లోనూ మిగతా పేపర్లలోనూ ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘ఓటరు అస్పష్టమైన తీర్పు ఇచ్చాడు.’ కాస్త ఊపు మీదున్న విలేకరైతే ‘ప్రజలు సంకీర్ణాన్ని కోరుకున్నారు’ అని కూడా రాస్తాడు. నాకు 63 ఏళ్లు. 1984 నుంచి ఓటేస్తున్నాను. ఒక్కసారి కూడా అస్పష్టంగా వేయలేదు. కాగితం మీద ముద్ర కొట్టిన రోజుల్లో గానీ, బటన్ నొక్కే ఈ రోజుల్లో గానీ, ఒక గుర్తు అనుకుని వెళ్లి ఆ గుర్తుకే వేసి వచ్చాను. మిషన్ మీద చెయ్యి, పువ్వు, కారు, చివర్లో నోటా, అన్నీ చూశాను. సంకీర్ణం అనే బటన్ మాత్రం ఎక్కడా కనపడలేదు. బటనే లేనిదాన్ని నేను కోరుకున్నానని ఎట్లా రాస్తారు?

ఈ మాట ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను. మోకాళ్ల నొప్పితో ఇంటిపట్టున ఉంటున్నాను కాబట్టి ఇప్పటికి కుదిరింది.

నేను ఇంటర్ దాకా చదివాను. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో 31 ఏళ్లు గుమస్తాగా చేసి మూడేళ్ల కింద మానేశాను. రాజ్యాంగం గురించి చెప్పేంత చదువు లేదు. బేరం గురించి మాత్రం చెప్పగలను. ఎన్నికలయ్యాక నాలుగు పార్టీలు ఒకచోట కూర్చుని ప్రభుత్వం కట్టడమంటే బేరమే కదా.

మిర్చి సీజన్లో మా యార్డు ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు తెలుసు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల కోసం చెప్తున్నా. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రాత్రంతా ట్రాలీ ఆటోలు, డీసీఎంలు వస్తూనే ఉంటాయి. రైతులు బస్తాల మీదనే తువ్వాల పరుచుకుని పడుకుంటారు. తెల్లారేసరికి యార్డంతా ఎరుపు, గాలంతా ఘాటు. తుమ్మకుండా రెండు మాటలు పూర్తిగా మాట్లాడినవాణ్ని నేను చూడలేదు. పొద్దున జెండా పాట జరుగుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో బాగున్న లాటు దగ్గర ఖరీదుదారులంతా గుమిగూడి పాడతారు. ఎక్కడ ఆగితే అది ఆనాటి జెండా పాట ధర. మరునాడు మీ జిల్లా పేజీలో వచ్చేది ఆ అంకే. అది చూసి ఎక్కడో ఊర్లో ఇంకో రైతు బస్తాలు బండికెక్కిస్తాడు. తీరా ఆయన బస్తా దగ్గరికి ఖరీదుదారు వచ్చి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, గింజ చూసి, ‘తేమ ఉన్నది, తాలు ఉన్నది’ అని రెండు వేలో మూడు వేలో తక్కువ రాస్తాడు. తర్వాత కాంటా. దడువాయి తూకం పలుకుతాడు, నేను రాసుకుంటాను. సాయంత్రం దుకాణంలో కూర్చుని తక్‌పట్టీ రాసిస్తాను: తూకం ఎంత, ధర ఎంత, కోతలు ఏమేమి, చేతికి ఎంత.

ధర తగ్గితే ఏ రైతైనా తిడతాడు. అయితే తక్‌పట్టీ చేతిలో పెడితే అరుగు మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కో వరుసా చదివించుకుంటాడు. ‘ఇదెందుకు కోసినవ్?’ అని అడుగుతాడు. గొడవ పడతాడు. ఒక్కోసారి నెగ్గుతాడు కూడా. చిత్తు కాగితం మీద ఒక్క మొత్తం అంకె గీకి ఇచ్చే దుకాణాలూ ఉండేవి. ఆ మెట్లు రైతు మళ్లీ ఎక్కడని రాద్దామనుకున్నా కానీ అబద్ధమవుతుంది. అక్కడ అప్పు ఉంటే ఎక్కక తప్పదు. ఎక్కుతాడు, నమ్మడు.

నా దృష్టిలో మేనిఫెస్టో జెండా పాట లాంటిది. పొత్తులో ఏ పార్టీకీ ఆ ధర పూర్తిగా రాదని నాకు తెలుసు, పూర్తిగా రావాలని నేను అడగడం లేదు. నాకు కావలసింది తక్‌పట్టీ.

ఇది ఢిల్లీ సంగతే కాదు. మా మండలంలో జరిగింది చెప్తాను. ఊరి పేరు, పార్టీల పేర్లు రాయను, ఆ మనుషులతో రేపు నేను ఎదురుపడాలి. 2019లో ఎంపీటీసీ ఎన్నికలు. మొత్తం 11 స్థానాలు. ఒక పార్టీకి 5, ఇంకోదానికి 4, మూడోదానికి 2. నేను ఓటేసింది ఆ మూడో పార్టీకి. అభ్యర్థి మా ఇంటి వెనక వీధి కుర్రవాడే, నన్ను మామా అని పిలుస్తాడు. ప్రచారమంతా రెండే విషయాలు: చెరువు మత్తడి (అలుగు) కట్టిస్తా, రాత్రిపూట వాగులోంచి పోతున్న ఇసుక ట్రాక్టర్లు ఆపిస్తా. ట్రాక్టర్లు ఎవరివో ఊరందరికీ తెలుసు. ఆ 5 స్థానాల పార్టీవాళ్లవే. మా వాకిట్లో నిలబడి, ‘మామా, ఆ దొంగలతోని కూసునుడు మా ఒంట్ల లేదు’ అన్నాడు. ఓటేశాను.

ఫలితాలొచ్చిన రాత్రే 5 స్థానాలవాళ్లూ 2 స్థానాలవాళ్లూ ఒకే బస్సులో క్యాంపుకు వెళ్లారు. కిటికీలకు పరదాలు. ఫోన్లు తీసుకున్నారని మా కుర్రవాడి భార్య చెప్పింది. పరిషత్ అధ్యక్షుని ఎన్నిక రోజు పొద్దున తిరిగొచ్చారు, అందరికీ ఒకే రకం చొక్కాలు. మేము తెర వెనక రహస్యంగా వేసిన ఓటుకు వాళ్లు లోపల బాహాటంగా చెయ్యి ఎత్తారు. ఎంపీపీ వాళ్లకు, వైస్ ఎంపీపీ వీళ్లకు. మా కుర్రవాడు పార్టీ మారలేదు, అది గమనించాలి. పార్టీయే విప్, అంటే ఎటు ఓటేయాలో ఆదేశం, జారీ చేసింది, అతను దాని ప్రకారమే చెయ్యెత్తాడు. చట్టప్రకారం ఏ తప్పూ లేదు.

ఏడాది తర్వాత ఒక పెళ్లిలో పక్కపక్క విస్తళ్లలో కూర్చున్నాం. అడిగాను. బగారన్నం కలుపుకుంటూ అన్నాడు: “రెండు సీట్లతోని ఏం జేస్తం మామా? ప్రతిపక్షంల కూసుంటే మత్తడి అయితదా?” నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే మత్తడి అయింది. కాంక్రీటు పోశారు, ఒక పక్క రాతికట్టు కూడా వచ్చింది, రెండు వానాకాలాలు నిలిచింది. ఇసుక ట్రాక్టర్లు కూడా అట్లాగే నడిచాయి. మత్తడికి ఇసుక ధర పడ్డదన్నమాట. ఆ బేరం మంచిదో చెడ్డదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మత్తడి కింద నాకే ఎకరంన్నర ఉంది మరి. నాకు మండిందల్లా ఒక్కచోటే. మత్తడి దగ్గర బోర్డు పెట్టారు, ఎంత ఖర్చయింది, ఎవరు ప్రారంభించారు అని. ఇసుక మీద నోరు మూసుకుంటామని ఒప్పుకున్న సంగతి ఏ బోర్డు మీదా లేదు. ఆ వరుస తక్‌పట్టీలోకి ఎక్కలేదు.

ఇంతకుముందు మండలాధ్యక్షుణ్ని మేమే నేరుగా ఎన్నుకున్నాం, 1987లో. ఎన్టీ రామారావు మండలాలు తెచ్చాక వచ్చిన మొదటి ఎన్నిక అది. తర్వాత చట్టం మారి ఎంపీటీసీలు ఎన్నుకునే పద్ధతి వచ్చింది, దానితోపాటే బస్సులూ పరదాలూ వచ్చాయి. నేరుగా ఎన్నుకుంటే అన్నీ బాగుంటాయని కాదు. అప్పుడు గెలిచినాయన ఎవరి మాటా వినేవాడు కాదు.

పెద్ద ఎన్నికల సంగతికి వస్తాను. నా మొదటి ఓటు 1984 డిసెంబరులో, అప్పటి హన్మకొండ పార్లమెంటు సీటుకు. ఒకవైపు పీవీ నరసింహారావు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి వంగరలో పెరిగిన మనిషి, అప్పటికే ముఖ్యమంత్రిగా, కేంద్ర మంత్రిగా చేసినవారు. ఇంకోవైపు బీజేపీ నుంచి చందుపట్ల జంగారెడ్డి. తెలుగుదేశం ఆ సీటును మిత్రపక్షానికి వదిలింది. జంగారెడ్డి గెలిచారు. దేశం మొత్తం మీద బీజేపీకి ఆ ఎన్నికల్లో వచ్చినవి రెండే సీట్లు: గుజరాత్‌లో మెహసానా, ఇక్కడ హన్మకొండ. పీవీ రామ్‌టెక్ నుంచి కూడా నిలబడ్డారు కాబట్టి అక్కడినుంచి పార్లమెంటుకు వెళ్లారు. నేను ఎవరికి వేశానో చెప్పను. వేసేటప్పుడు మాత్రం ఎవరు ఎవరితో ఉన్నారో నాకు తెలుసు. ఓటు పడకముందే కుదిరిన పొత్తు అది.

1998 అట్లా కాదు. అప్పుడు తెలుగుదేశం యునైటెడ్ ఫ్రంట్‌లో ఉంది, చంద్రబాబు నాయుడు దాని కన్వీనర్. రాష్ట్రంలో కమ్యూనిస్టులతో పొత్తు. కాంగ్రెస్‌కు ఎంత దూరమో బీజేపీకీ అంతే దూరం అని సభల్లో చెప్పారు. మా యార్డులో ఒక హమాలీ మేస్త్రీ ఉండేవాడు, ఎర్రజెండా యూనియన్ మనిషి. పార్టీ చెప్పిందని జీవితంలో మొదటిసారి సైకిల్‌కు వేశాడు, తనవాళ్లందరితో వేయించాడు. 12 సీట్లు వచ్చాయి. నెల తిరక్కుండానే వాజ్‌పేయి విశ్వాస పరీక్షకు ఆ 12 మంది మద్దతు. జీఎంసీ బాలయోగి లోక్‌సభ స్పీకర్ అయ్యారు, ఆ గౌరవం మన తెలుగువాళ్లకు దక్కిందని మా సేటు స్వీట్లు పంచాడు. మేస్త్రీ స్వీటు తీసుకుని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. “నా ఓటు ఎటు పోయి ఎటు తేలింది గుమస్తా సాబ్?” అన్నాడు. ఆయన్ని ఏ విలేకరైనా అడిగాడా, నువ్వు ‘అస్పష్టమైన తీర్పు’ ఇచ్చావా అని?

అదే పార్టీ మరుసటి ఏడాది, 1999లో, బీజేపీతో ముందే పొత్తు ప్రకటించి పోటీ చేసింది. తెలుగుదేశానికి 29, బీజేపీకి 7 వచ్చాయి. మేస్త్రీ ఈసారి వేయలేదు, వేయకపోవడానికి అతనికి అవకాశం దొరికింది. మా సేటు సంతోషంగా వేశాడు. ఇద్దరికీ న్యాయం జరిగిందనే నేనంటాను.

కొన్నవాళ్ల సంగతి, అమ్ముడుపోయినవాళ్ల సంగతి వేరు, అందులోకి ఎక్కువ పోను. మెజారిటీ లేని పీవీ ప్రభుత్వం 1993 జూలైలో 265–251 ఓట్లతో అవిశ్వాసం గట్టెక్కిందీ, జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీల మీద ముడుపుల కేసు నడిచిందీ, సభలో వేసిన ఓటుకు సభ్యులకు రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు అన్నదీ, ఆ తీర్పును 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీలు తిరగరాసిందీ, అన్నీ మీరే వేశారు. అది దొంగతనం, దానికి కోర్టులున్నాయి. నేను మాట్లాడుతున్నది పట్టపగలు, చట్టబద్ధంగా, దండలు వేసుకుని జరిగే బేరం గురించి.

2004 నాకు ఎందుకు గుర్తుందంటే మొదటిసారి తక్‌పట్టీ లాంటిది చూశాను. కాంగ్రెస్, టీఆర్ఎస్ పొత్తు ముందే కుదిరింది. టీఆర్ఎస్‌కు 26 అసెంబ్లీ, 5 లోక్‌సభ సీట్లు వచ్చాయి. ఢిల్లీలో యూపీఏ ప్రభుత్వం కట్టేటప్పుడు కనీస ఉమ్మడి కార్యక్రమం అని ఒక పత్రం అచ్చేశారు. తెలంగాణ గురించి అందులో ఒక వాక్యం: తగిన సమయంలో, తగిన సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం వచ్చాక రాష్ట్ర ఏర్పాటు డిమాండును పరిశీలిస్తామని. ఆ పేపరు ముక్క కత్తిరించి దుకాణం ఖాతా పుస్తకం అట్ట లోపల అతికించాను. మా సేటు చదివి నవ్వాడు. “జెండా పాటల తెలంగాణ ఇస్తమన్నరు. ఇండ్ల జూడు, తేమ, తాలు, మట్టి, మూడు తీసేసిండ్రు” అన్నాడు. నిజమే, సమయం, సంప్రదింపులు, ఏకాభిప్రాయం, మూడు తరుగులు. మేము ఓటేసింది రాష్ట్రానికి, పత్రంలో వచ్చింది పరిశీలన.

అయినా ఆ కాగితం విలువ నాకు తర్వాత తెలిసింది. కోత ఎక్కడ పడ్డదో రాసి ఉంది కాబట్టి దాని మీద నిలదీయగలిగాం. ఏకాభిప్రాయమంటే ఎవరి అభిప్రాయం, ఎప్పటిలోగా అని బస్టాండులో పల్లీలమ్మే ఆయన కూడా అడిగాడు. 2006లో కేసీఆర్ కేంద్ర మంత్రి పదవి వదిలి, ఎంపీ పదవికీ రాజీనామా చేసి, ఆ డిసెంబరులో కరీంనగర్ ఉప ఎన్నికలో రెండు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచింది ఆ వాక్యం మీద కోపంతోనే. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. పదేళ్లు. అచ్చులో లేకపోతే ఇంకెన్నేళ్లు పట్టేదో.

మా పెద్దమ్మాయిని సిరొంచలో ఇచ్చాం. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర, ఇంట్లో తెలుగే. 2019లో అక్కడ బీజేపీ, శివసేన కలిసి పోటీ చేశాయి. 288లో బీజేపీకి 105, శివసేనకు 56. ఇద్దరికీ కలిపి హాయిగా సరిపోతుంది. ముఖ్యమంత్రి పదవి దగ్గర తెగింది. నవంబర్ 23న మా వియ్యంకుడు పొద్దున్నే ఫోన్ చేశాడు: “బావా, రాత్రి పండుకునేటప్పుడు ఒకటి అనుకున్నం, లేచేసరికి ఇంకో సర్కారు.” తెల్లారకముందే రాష్ట్రపతి పాలన ఎత్తేసి ఫడ్నవీస్‌తో, ఎన్‌సీపీ నుంచి వచ్చిన అజిత్ పవార్‌తో ప్రమాణం చేయించారు. మూడు రోజులకు అది పోయింది. 28న శివసేన, కాంగ్రెస్, ఎన్‌సీపీ కలిసి ఉద్ధవ్ ఠాక్రేను ముఖ్యమంత్రిని చేశాయి. 2022లో శివసేన చీలి షిండే వచ్చారు. ఒక్కసారి ఓటేస్తే ముగ్గురు ముఖ్యమంత్రులు. మా వియ్యంకుడు ఏ పార్టీకి వేసినా అతని ఓటు ఏదో ఒక రోజు అతను వద్దనుకున్నవాడి ఖాతాలో పడే ఉంటుంది.

గవర్నర్ ఎవరిని ముందు పిలవాలన్నది, కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ చెప్పిందని మా వార్డు లాయర్ గారు చెప్పారు. ఎన్నికలకు ముందే కట్టిన కూటమి మొదట, తర్వాత మద్దతు చూపించే అతిపెద్ద పార్టీ, ఎన్నికలయ్యాక కలిసినవాళ్లు ఆ తర్వాతే. ఆ వరుస పెట్టినవాళ్లకు మా మేస్త్రీ బాధ ఎక్కడో తగిలి ఉంటుందని నేననుకుంటాను.

ఫిరాయింపుల చట్టం ఉంది కదా అంటారు. 1985లో వచ్చింది. ఒక్క ఎమ్మెల్యే పార్టీ మారితే పదవి పోతుందంటుంది. 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది 2019లో టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. ఒకరు అప్పటికే ఎంపీ అయి రాజీనామా చేశారు, మిగిలిన 18లో 12 అంటే మూడింట రెండొంతులు కాబట్టి అది ఫిరాయింపు కాదట. 2023 తర్వాత బీఆర్ఎస్ నుంచి పదిమంది కాంగ్రెస్ వైపు వచ్చారన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పింది. ఇవన్నీ ఎమ్మెల్యేను పార్టీకి కట్టేసే తాళ్లు. పార్టీని ఓటరుకు కట్టేసే తాడు ఆ చట్టంలో వెతికినా లేదు. మా మండలంలో కుర్రవాడు విప్ తప్పితే పదవి పోయేది. విప్ ఇచ్చిన పార్టీయే మాట తప్పితే ఎవరి పదవీ పోలేదు.

మా తమ్ముని కొడుకు జర్మనీలో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఒక్క పార్టీకే మెజారిటీ రావడం చాలా అరుదట, సంకీర్ణమే మామూలు. 2021 సెప్టెంబరులో ఎన్నికలైతే మూడు పార్టీలు కూర్చుని రెండు నెలలు బేరమాడి, 170 పేజీలకు పైగా ఒప్పందం రాసి, ప్రధాని ప్రమాణానికి ముందే జనం చేతిలో పెట్టాయి. (వాళ్ల ప్రధానిని చాన్సలర్ అంటారు.) కనీస వేతనం ఎంత, బొగ్గు ఎప్పటికి ఆపాలి, అన్నీ అందులో ఉన్నాయన్నాడు. అంతకుముందు 2018లో సోషల్ డెమోక్రాట్లు ఒప్పందం మీద తమ పార్టీ సభ్యులకే పోస్టులో బ్యాలెట్ పంపారు. నాలుగున్నర లక్షల మందికి పైనే సభ్యులు. ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది సరేనన్నాకే ప్రభుత్వంలో చేరారు. ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది: అక్కడ ఉన్న చాన్సలర్‌ను దించాలంటే ఆయన స్థానంలో ఎవరో చెప్పి, అదే ఓటుతో ఎన్నుకోవాలి. 1982లో హెల్ముట్ కోల్ అట్లాగే వచ్చారు. మన దగ్గర 1999 ఏప్రిల్ 17న 269–270, ఒక్క ఓటుతో వాజ్‌పేయిని దించారు కానీ ఆయన స్థానంలో ఎవరినీ నిలబెట్టలేక మళ్లీ ఎన్నికలు పెట్టారు.

జర్మనీని నెత్తిన పెట్టుకోవడానికి రాయడం లేదు. ఆ 170 పేజీల ప్రభుత్వం 2024 నవంబరులో బడ్జెట్ దగ్గర కొట్టుకుని కూలిపోయింది. 2018 ఒప్పందానికేమో ఎన్నికలు జరిగిన దాదాపు ఆరు నెలలకు గానీ ప్రభుత్వం రాలేదు. బెల్జియంలో 2010–11లో 541 రోజులు పట్టింది. అన్ని రోజులు మా దగ్గరైతే క్యాంపు ఖర్చు భరించే నాయకుడు పుట్టలేదు.

మా సేటుకు ఈ ఉత్తరం చదివి వినిపించాను. ఆయనకిప్పుడు 80, చెవులు బాగానే పనిచేస్తాయి. “బేరమాడేటోడు ఆఖరి ధర ముందుగాల చెప్తడా? చెప్పినోడు మునుగుతడు” అన్నాడు. సబబైన మాట. చేతులు ముందే కట్టేసుకుంటే హంగ్ వచ్చినప్పుడు ఎవరూ ఎవరితోనూ కలవలేక మళ్లీ ఎన్నికలకు పోవాలి. దాని మీద రెండు రోజులు ఆలోచించాను. ఆఖరి ధర చెప్పమని నేను అడగడం లేదు. యార్డులో రైతు కూడా ఆఖరి ధర చెప్పడు. ‘ఫలానా ఖరీదుదారుకు మాత్రం ఇయ్య’ అని మాత్రం చెప్తాడు, నేను ఎన్నోసార్లు విన్నాను. పార్టీలు అంతమాత్రం చెప్పలేవా? ఎవరితో కూర్చుంటారో చెప్పలేకపోతే ఎవరితో కూర్చోరో చెప్పండి. చెప్పి తప్పితే అది మాట తప్పడమని అందరికీ తెలుస్తుంది.

ఓటరు మర్చిపోతాడులే అని నాయకుల ధీమా. మర్చిపోడని న్యూజిలాండ్‌లో తేలింది. 1996లో అక్కడ ఉన్న ప్రభుత్వాన్ని దించుతాడని నమ్మి విన్‌స్టన్ పీటర్స్ పార్టీకి జనం 17 సీట్లు ఇచ్చారు. ఆయన రెండు నెలలు బేరమాడి ఆ ప్రభుత్వంలోనే చేరాడు. మరుసటి ఎన్నికల్లో ఐదు సీట్లే మిగిలాయి. పొరుగున నేపాల్‌లో 2022లో ప్రచండ నేపాలీ కాంగ్రెస్ కూటమిలో పోటీ చేసి, 275లో తన పార్టీకి 32 వస్తే, అటు దూకి ఎదుటి కూటమి మద్దతుతో ప్రధాని అయ్యాడు. 32 సీట్లకు ప్రధాని పదవంటే మా జెండా పాటలో కూడా అంత ధర పలకదు.

ఇప్పుడు మీకు నా విన్నపం. 2019లో గెలిచిన ఎంపీటీసీల గడువు 2024 జూలైతో ముగిసింది. మళ్లీ ఆ ఎన్నికలు ఎప్పుడు జరిగినా మీ మండల విలేకరులు అభ్యర్థుల ఫొటో, చదువు, ఆస్తి వేస్తారు. దానికింద ఒక్క వరుస చేర్చండి: ‘మెజారిటీ రాకపోతే మీ పార్టీ ఎవరితో కలవదు?’ జవాబు ఇస్తే వేయండి. ఇవ్వకపోతే ‘జవాబు ఇవ్వలేదు’ అని వేయండి. ఫలితాలొచ్చాక క్యాంపు ఎక్కడ, బిర్యానీ ఏమిటి, బీచిలో ఎవరు ఏ చొక్కా వేసుకున్నారు అని మొదటి పేజీలో ఫొటోలు వేస్తారు కదా, వేయండి, నేనూ చూస్తాను. దాని పక్కన చిన్న పెట్టె గీసి మూడు గడులు పెట్టండి: ఊర్లో ఏం చెప్పారు, పొత్తు కోసం ఏం వదిలారు, బదులుగా ఏం తెచ్చుకున్నారు. అసెంబ్లీకీ పార్లమెంటుకీ కూడా అంతే. 2024 జూన్‌లో బీజేపీ 240 దగ్గర ఆగినప్పుడు తెలుగుదేశం 16, జేడీయూ 12 మీద ఢిల్లీ నిలబడింది. ఏ శాఖ ఎవరికి అని మీరు రోజుకో పేజీ రాశారు. ఎవరు ఏ మాట వెనక్కి తీసుకున్నారని వెతికితే నాకు కనపడలేదు. రాసి ఉంటే నా కళ్లజోడు తప్పు.

హంగ్ వస్తే ‘అస్పష్టమైన తీర్పు’ అని మాత్రం దయచేసి రాయకండి. ‘ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు’ అని రాస్తే సరిపోతుంది, అక్షరాలు కూడా పెద్ద తేడా లేదు.

ఉత్తరం పెద్దదైపోయింది. లేఖల శీర్షికలో ఇంత స్థలం ఉండదని తెలుసు, మీరు కోస్తారు. కోయండి. కోసిన చోటల్లా మూడు చుక్కలు పెట్టండి.

ఇట్లు,
ఎనుమాముల మార్కెట్ మాజీ గుమస్తా,
వరంగల్